సగం వేసిన కారు డోరు: థ్రిల్లర్ సిరీస్‌లో తప్పు చేసినవాడి త్యాగాన్ని రాయడం ఎలా

థ్రిల్లర్ సిరీస్ రాసేవాళ్లలో చాలామంది ఒకే చోట బోల్తా పడతారు. మొదటి నుంచీ తప్పుడు పనులు చేస్తూ వచ్చినవాడు చివర్లో హీరో మీదికొచ్చిన తూటాకు అడ్డం పడతాడు. నెత్తురు కక్కుతూ రెండు నిమిషాలు మాట్లాడతాడు. వెనకాల వయొలిన్. తెర మీద అందరూ ఏడుస్తారు. చూసేవాడు మాత్రం ఫోన్ తీసి మెసేజీలు చూసుకుంటూ ఉంటాడు.

లోపం నటుడిది కాదు, వయొలిన్‌దీ కాదు. తూటాకు ఎవరైనా అడ్డం పడొచ్చు, పక్కన టీ అమ్మేవాడు కూడా. ఆ చావు ఫలానా మనిషిదే కావాల్సిన అవసరం కథలో లేదు. వాడు ఇన్నాళ్లూ ఏ పనితనంతో తప్పు చేశాడో ఆ పనితనంతోనే చివరి మంచి పని జరగాలి. ఇంకొకరి వల్ల కాకూడదు. ఈ ముడి పడకపోతే మిగతా హంగులేవీ ఆదుకోవు.

పద్ధతి చెప్పడానికి ఒక నమూనా కథ పెట్టుకుందాం. 8 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. స్క్రిప్టులో ఒక పేజీకి తెర మీద ఒక నిమిషం లెక్కన ఎపిసోడ్‌కు 40 పేజీలు. ఊరు తిరుపతి. మనిషి పేరు మునిరత్నం, 41 ఏళ్లు, ఒకప్పుడు బాడుగ జీపు తోలినవాడు, ఇప్పుడు ఎర్రచందనం లోడుకు పైలట్. అంటే దుంగలున్న బండికి కాస్త ముందుగా పాత సుమోలో పోతూ, దారిలో పోలీసులున్నారా, ఫారెస్టువాళ్లున్నారా అని వెనకవాళ్లకు ఫోన్‌లో చెప్పేవాడు. వాడు గొడ్డలి పట్టడు, దుంగ ముట్టడు. అందుకే తాను తప్పు చేస్తున్నట్టు వాడికి అనిపించదు. ఇలాంటి చేతికి మట్టి అంటని తప్పు ఉన్న పాత్రను ఎంచుకుంటే రాతగాడికి సగం పని తగ్గుతుంది.

తప్పును ఒక్క క్రియలో రాయండి

"స్వార్థపరుడు", "డబ్బు పిచ్చి", "మూర్ఖుడు" అని పాత్ర పరిచయంలో రాసుకుంటే సీను రాసేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. కెమెరా ముందు స్వార్థం కనబడదు, పని కనబడుతుంది. వాడు ఏం చేస్తాడో ఒక క్రియలో పెట్టండి. మునిరత్నం దిగి పారిపోతాడు. ఇబ్బంది వచ్చిందంటే బండి ఆపి డోరు తోసుకుని చీకట్లోకి పోతాడు. అప్పులవాడు వచ్చినా అంతే, పెళ్లాం ఏడ్చినా అంతే, ఇంటి వెనక తలుపు వాడికోసమే ఉన్నట్టుంటుంది.

తర్వాత ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి. ఎవరికి నష్టం జరిగింది? ఏం పోయింది? ఎవరు చేశారో బాధితులకు తెలుసా? పోయినదాన్ని తిరిగివ్వొచ్చా? మన కథలో శెల్వం అనే కూలీ తమిళనాడులోని జవ్వాదు కొండల నుంచి వచ్చినవాడు. కాలు విరిగి శేషాచలం అడవి అంచున పడిపోయాడు. సుమోలో చోటుంది. మునిరత్నం ఎక్కించుకోకుండా వచ్చేశాడు. శెల్వం చనిపోయాడు. తమ్ముడు కుమార్‌కు అన్నను వదిలేసింది ఎవరో తెలియదు. తిరిగివ్వలేం. నాలుగో గడిలో "ఇవ్వొచ్చు" అని వచ్చిందంటే మీ కథకు త్యాగం అక్కర్లేదు, అప్పు తీరిస్తే చాలు. అక్కడే ఆగి తప్పును మళ్లీ రాసుకోండి.

తప్పు మరీ చిన్నదైతే చావు అతి అవుతుంది. పసిపిల్లల మీద చెయ్యి చేసుకోవడం, ఆడవాళ్ల మీద అఘాయిత్యం లాంటివి పెడితే ఎంత పెద్ద త్యాగమైనా చూసేవాడు క్షమించడు. క్షమించాలని అడగడమే తప్పు. వదిలేసి పోవడం, ఊరుకోవడం, కళ్లు మూసుకోవడం, ఒక అబద్ధపు సంతకం: ఇలాంటివి ఈ రకం కథకు సరిగ్గా సరిపోతాయి. చూసేవాడికి తన సంగతీ గుర్తొస్తుంది.

శ్రీకాళహస్తి కొండ మీది కాలు

దీనికి పాఠం దూరంగా ఎక్కడో లేదు. తిన్నడి కథ మనకందరికీ తెలిసిందే. శివుడి కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి పెట్టాడు. రెండో కంట్లోనూ కారడం మొదలైంది. తన రెండో కన్నూ తీస్తే ఎక్కడ పెట్టాలో కనబడదు. అందుకని కాలు ఎత్తి లింగం మీద ఆ చోటున ఆనించి గుర్తు పెట్టుకున్నాడు.

రాతపనిగా చూడండి. త్యాగం మధ్యలో ఒక పనికి సంబంధించిన చిక్కు వచ్చింది: కళ్లు లేకపోతే చోటు ఎలా తెలుస్తుంది? ఆ చిక్కును విప్పింది వాడి మోటుతనమే. ఎంగిలి మాంసం పెట్టాడని, పుక్కిట పట్టిన నీళ్లతో అభిషేకం చేశాడని ఎవరైతే తప్పుపట్టారో, వాళ్లెవరూ ఆ కాలు ఎత్తలేరు. మర్యాద తెలిసినవాడి చేత ఆ పని కాదు. తప్పు అనిపించుకున్న గుణమే పనిముట్టు అయింది. కన్ను తీయడం చాలా కథల్లో ఉంటుంది, కథను కళ్ల ముందు నిలబెట్టేది ఆ కాలే.

మీ పాత్రకు ఆ కాలు ఏది? దొరికేదాకా ఏడో ఎపిసోడ్ మొదలుపెట్టకండి.

మునిరత్నానికి అది కారు డోరు. ఎప్పుడైనా దూకి పారిపోవడానికి వీలుగా డ్రైవరు డోరును పూర్తిగా వెయ్యడు. కారు డోరు గడియ రెండు అంచెల్లో పడుతుంది. మొదటి అంచెలో ఆగితే డోరు ఊడిరాదు, అలాగని బిగుసుకోదు, గతుకుల్లో గలగలమంటుంది. వాడు కారులో ఉన్న ప్రతి సీనులో ఆ గలగల వినబడాలి. సౌండ్ డిజైనర్‌కు మొదటి రోజే చెప్పండి, దీనికి విడిగా ఒక ట్రాక్ పెట్టించండి. మాటల్లో మాత్రం ఒక్కసారే, అదీ రెండో ఎపిసోడ్‌లో, ఇంటిముందు, భార్య మునెమ్మ నోటి నుంచి:

"ఏమయ్యా, ఎప్పుడు జూసినా ఆ డోరు సగమే ఏస్తావు. యాడికి పారిపోదామని?"

మునిరత్నం నవ్వేసి బండి తీస్తాడు. ఎనిమిదో ఎపిసోడ్ దాకా ఇంకెవరూ డోరు ఊసెత్తకూడదు. రెండోసారి ఎత్తితే చూసేవాడు పసిగడతాడు.

ఎపిసోడ్లలో పంచడం

మొదటి ఎపిసోడ్ తొలి 4 పేజీల్లోనే శెల్వాన్ని వదిలేయడం జరగాలి, దాచిపెట్టి చివర్లో ఫ్లాష్‌బ్యాక్‌గా చెప్పకూడదు. దాచితే అది మలుపు అవుతుంది. ముందే చూపిస్తే బరువు అవుతుంది. మనకు కావాల్సింది బరువు. చూసేవాడికి తెలుసు, మునిరత్నానికి తెలుసు, కుమార్‌కు తెలియదు. ఈ తేడా ఏడు ఎపిసోడ్లు లాగుతుంది.

రెండులో ఆ తప్పు వల్ల వచ్చిన సుఖం చూపించండి: కొత్త ఫ్రిజ్, కూతురి స్కూలు ఫీజు. మూడులో వాడి పనితనం. ఇక్కడొక ముఖ్యమైన విత్తనం వెయ్యాలి. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర చప్పుడు వినబడకుండా మినీ లారీని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దించమని లారీ డ్రైవరుకు నేర్పింది మునిరత్నమే. అందరూ మెచ్చుకుంటారు. నాలుగులో కుమార్ కూలీల గుంపుతో వస్తాడు. శెల్వం తమ్ముడని తెలిసి మునిరత్నం వాడికి కడుపునిండా తిండి పెట్టిస్తాడు, చెప్పులు కొనిస్తాడు. ఖర్చులేని మంచితనం. ఇంతటితో వాడు మారిపోయినట్టు రాయకండి.

అసలు కీలకం అయిదో ఎపిసోడ్. ఇక్కడ వాడు మళ్లీ పారిపోవాలి. ఫారెస్టువాళ్ల రెయిడ్ జరుగుతుంది, కుమార్ కంచెలో ఇరుక్కుంటాడు, మునిరత్నం చూస్తాడు, డోరు తోసుకుని పోతాడు. అన్నకు చేసిందే తమ్ముడికీ చేస్తాడు. కుమార్ తన తిప్పలు తాను పడి బయటపడతాడు. ఈ ఎపిసోడ్‌ను తీసేయమని నిర్మాతలు అడుగుతారు, "అప్పుడే సింపతీ వస్తోంది, చెడగొట్టకండి" అంటారు. వినకండి. నాలుగులో మంచివాడైపోయి ఏడులో ప్రాణమిస్తే అది మంచివాడి చావు. రెండోసారి పారిపోయాకే వాడికి తన సంగతి తనకు తెలుస్తుంది. డోరు అందుబాటులో ఉన్నంతసేపూ నేను పారిపోతాను అని. ఏడో ఎపిసోడ్‌లో వాడు చేసే పనికి కారణం ఇదే. పశ్చాత్తాపం కన్నా ఈ ఎరుక ముఖ్యం. పశ్చాత్తాపం అయిదులో పారిపోయే ముందు కూడా ఉంది, అయినా కాళ్లు ఆగలేదు.

ఆరులో సగం ఒప్పుకోలు. కుమార్‌తో టీ అంగడి దగ్గర చెప్పబోతాడు, అంతలో కుమార్ "మా అన్నకు నీ మాదిరి మంచోడు ఒకడు దొరికుంటే బతికుండేవాడన్నా" అంటాడు. నోరు పడిపోతుంది. ఇక చెప్పడు. చివరిదాకా చెప్పకూడదు కూడా, కారణం తర్వాత వస్తుంది.

త్యాగం ఏడో ఎపిసోడ్ 26వ పేజీకి మొదలై 33కు ముగియాలి. ఎనిమిదో ఎపిసోడ్ క్లైమాక్స్‌కు దాచుకోకండి. తిరుపతివాళ్లకు దీన్ని వేరే విధంగా చెప్పక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం కడతారు. గంగమ్మ దొర వేషంలో పాలెగాడిని బయటికి రప్పించి తల నరుకుతుంది. జాతర అక్కడితో అయిపోదు. మరుసటి రోజు మాతంగి వేషం, పాలెగాడి పెండ్లాన్ని ఓదార్చడానికి. వాడు ఎంత దుర్మార్గుడైనా వాడి ఇంట్లో మిగిలినవాళ్లకోసం జాతర ఒక రోజంతా కేటాయించింది. మీ సిరీస్‌లో ఎనిమిదో ఎపిసోడ్ ఆ రోజు.

మిగతా దారులన్నీ మూయండి

"వాడు ఫోన్ చెయ్యొచ్చు కదా" అని చూసేవాడు అనుకున్న క్షణమే త్యాగం తెలివితక్కువతనం అయిపోతుంది. పారిపోయే దారులన్నీ రాసుకుని ఒక్కొక్కటీ మూస్తూ రండి. వీలైనంతవరకు ముందు ఎపిసోడ్లలోనే మూసేయాలి, అప్పటికప్పుడు కాదు.

మన సీను: రాత్రి, ఘాట్ రోడ్డు, దిగుడు. ముందు సుమోలో మునిరత్నం. వెనక మినీ లారీ, అందులో దుంగలు, వాటి మీద టార్పాలిన్ కింద 12 మంది కూలీలు, వాళ్లలో కుమార్. లారీ మూడో ఎపిసోడ్‌లో నేర్పినట్టే ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగుతోంది, లైట్లు కూడా ఆపేసి, సుమో వెనక లైట్లనే దారిగా పెట్టుకుని. బ్రేకులు పోతాయి.

ఇక్కడ సీరియళ్లలో చూసినట్టు ఎవరో బ్రేకు పైపు కోసేశారని రాయకండి. ఇప్పటి బండ్లలో బ్రేకుకు రెండు వేర్వేరు సర్క్యూట్లు ఉంటాయి, ఒకటి తెగినా రెండోది కొంత పట్టుకుంటుంది. నిజంగా జరిగేది ఇది: ఇంజిన్ ఆగితే బ్రేకుకు దన్ను తయారవదు. నిల్వ ఉన్నది కొన్ని తొక్కులకే అయిపోతుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. న్యూట్రల్‌లో ఉంది కాబట్టి ఇంజిన్ పట్టు కూడా లేదు, భారమంతా లైనర్ల మీదే. అవి కాలి పట్టు వదిలేస్తాయి. కాలిన లైనర్ వాసన ముందు కూలీలకు వస్తుంది, వాళ్లే మొదట కేకలు పెడతారు. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. ఆ వేగంలో డ్రైవరు కింది గేరు వేద్దామన్నా పడదు.

ఫోన్: అడవి లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. రెండో ఎపిసోడ్‌లో ఒకసారి మునిరత్నం అదే మలుపులో ఫోన్ పట్టుకుని విసుక్కుంటే చాలు. కూలీలు దూకడం: టార్పాలిన్‌ను తాళ్లతో బిగించారు. అలా బిగించమన్నదీ వాడే. మునిరత్నం ముందుకు పోయి తప్పించుకోవడం: ఈ దారి ఒక్కటీ తెరిచే ఉంచాలి. తెరిచి ఉంటేనే త్యాగం. సుమో బాగుంది, గేరు పడుతుంది, వాడు పోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు, ఎవరికీ తెలియదు కూడా. ఎప్పుడూ చేసింది అదే.

బండ్ల లెక్క

చూసేవాళ్లలో డ్రైవర్లుంటారు. చిత్తూరు జిల్లా ఘాట్లలో లారీ తోలినవాడు నవ్వకూడదు, అదే పరీక్ష.

సుమోను రోడ్డుకు అడ్డం నిలబెడితే 60 కిలోమీటర్ల వేగంతో లారీ గుద్దుతుంది, కూలీలు ఎగిరిపడతారు. కాపాడబోయి చంపినట్టు. సరైన పని ఏమిటంటే సుమో తన వేగాన్ని లారీ వేగానికి దగ్గరగా తెచ్చి, లారీ బంపరును తన వీపు మీదికి తీసుకోవడం. లారీ 60, సుమో 50 అయితే తగిలే దెబ్బ 10 కిలోమీటర్లదే. ఒక కుదుపు. ఆ తర్వాత రెండు బండ్లనూ సుమో బ్రేకులే ఆపాలి.

లారీ లోడుతో 5 టన్నులు, సుమో 1.75 టన్నులు అనుకుందాం. ఎండు రోడ్డు, 6 శాతం వాలు. సుమో టైర్లు పూర్తిగా పట్టినా రెండు బండ్లూ ఆగడానికి 80 నుంచి 90 మీటర్లు, 10 నుంచి 12 సెకన్లు పడుతుంది. బ్రేకులు బాగా వేడెక్కుతాయి కానీ ఒక్కసారికి తట్టుకుంటాయి. కాబట్టి తర్వాతి మలుపు కనీసం 100 మీటర్ల దూరంలో ఉండాలి. మూడ్ కోసం వాన పెట్టారా, టైర్ల పట్టు తగ్గి ఆ దూరం 200 మీటర్లు దాటిపోతుంది. సీను చచ్చిపోతుంది. వాన వద్దు.

ఇప్పుడు కన్నప్ప కాలు. లోయ ఎడమవైపు, కొండ కుడివైపు. లారీ సుమోను సరిగ్గా మధ్యలో తోయదు, కుడి వెనక మూల మీద తోస్తుంది. అలా తోస్తే సుమో ముక్కు ఎడమకు, లోయవైపు తిరుగుతుంది. తిరగకుండా స్టీరింగ్‌ను కుడికి పట్టుకునే ఉండాలి. వదిలిన క్షణం సుమో పక్కకు తప్పుకుంటుంది, లారీ పోతుంది. అంటే 12 సెకన్లపాటు వాడు దూకకూడదు. దూకగలడు: డ్రైవరు డోరు కుడివైపు, కొండవైపే ఉంది, పైగా సగమే వేసి ఉంది, తోస్తే చాలు. వాడికి తన కాళ్ల సంగతి తెలుసు. అందుకే బంపరు తగిలే ముందు ఒక చేత్తో డోరును లాగి పూర్తిగా వేస్తాడు.

గలగల ఆగిపోతుంది. ఏడు ఎపిసోడ్లుగా వింటున్న చప్పుడు.

లారీ చక్రం కుడివైపు కాలువలో దిగి ఆగుతుంది. చివరి తోపుకు సుమో ముక్కు ఎడమకు తిరిగి, పిట్టగోడ కూలినచోట లోయలోకి జారుతుంది.

ఆ పేజీ ఇలా

ఘాట్ రోడ్డు. రాత్రి. సుమో లోపల.

*అద్దంలో లారీ నల్లటి ముద్దలా దగ్గరవుతోంది. కేకలు, తమిళంలో. మునిరత్నం ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద. డోరు గలగలమంటోంది. ముందు రోడ్డు ఖాళీ.*

*కుడి కాలు ఒత్తుతాడు. సుమో దూరమవుతుంది. అద్దంలో లారీ చిన్నదవుతుంది.*

*కాలు తీసేస్తాడు.*

*డోరు లాగుతాడు. ఠప్. చప్పుడు లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద.*

మునిరత్నం (తనలో): రా.

ఒక్క మాట చాలు. మొదట వాడు నిజంగానే ముందుకు పోబోయాడు చూడండి, ఆ రెండు సెకన్లు తీసేయకండి. భార్య ఫొటో, కూతురి నవ్వు, శెల్వం ముఖం లాంటి మెరుపు షాట్లు ఎడిటింగ్‌లో ఎవరో ఒకరు పెడతారు. తీయించేయండి. చేతులు, అద్దం, రోడ్డు, ఈ మూడే. 12 సెకన్ల పనిని తెర మీద 40 సెకన్ల దాకా సాగదీయొచ్చు, అంతకు మించితే బ్రేకుల లెక్క నమ్మబుద్ధి కాదు.

తీసేటప్పుడు

ఆ రెండు బండ్లనూ విడివిడిగా నడిపి తగిలించాలని ఏ స్టంట్‌ మాస్టరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు. బంపర్ల కింద కనబడకుండా ఇనుప బారుతో రెండిటినీ కలిపేసి 20 కిలోమీటర్ల వేగంతో లాగుతూ తీయాలి. కెమెరా రోడ్డుకు రెండడుగుల ఎత్తులో, సెకనుకు 24 బదులు 22 ఫ్రేములు పెడితే వేగం వస్తుంది. లోయలో పడటం చూపించకండి. డబ్బు మిగులుతుంది, సీనూ బాగుపడుతుంది: లారీ ఆగుతుంది, టార్పాలిన్ కింద మూలుగులు, ముందు రోడ్డు మీద ఎర్ర లైట్లు లేవు. లారీ డ్రైవరు ఇంతసేపూ ఆ లైట్లను చూసే బండి దించాడు కాబట్టి ఏం జరిగిందో వాడికి అర్థమైపోతుంది.

చోటు విషయంలో రెండు హెచ్చరికలు. తిరుమల ఘాట్‌లో ఈ సీను రాయకండి.  ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నియమం ఉంది, అంతకన్నా ముందే చేరిన బండిని ఆపుతారు. అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు దారే మూసేస్తారు. కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషిద్ధం. భాకరాపేట ఘాట్ అందరికీ గుర్తొచ్చే చోటే, కానీ అక్కడ 2022 మార్చిలో నిజంగానే బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. కథలో ఘాట్‌కు కల్పిత పేరు పెట్టడం మర్యాద.

కూలీల విషయంలోనూ అంతే. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో జరిగిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. ఆ గాయం మానలేదు. టార్పాలిన్ కింద ఉన్న 12 మందిలో కనీసం నలుగురికి పేర్లుండాలి, వాళ్లు తమిళంలోనే మాట్లాడాలి, కింద తెలుగు అక్షరాలు వేస్తే సరి. దుంగను బొమ్మలా విసరనివ్వకండి. ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. మీటరు పొడవు, జానెడు మందం ఉన్న దుంగ 30 కిలోలు దాటుతుంది. భుజాన వేసుకున్నవాడి మెడ నరాలు కనబడాలి.

ఎక్కడెక్కడ చెడుతుంది

వాడికి ముందే కాన్సర్ ఉందని పెట్టడం. ఎలాగూ పోయేవాడు ఇచ్చిన ప్రాణం చిల్లర. సినిమావాళ్లకు ఈ జబ్బు ఎందుకో వదలదు.

కొనఊపిరితో ఆస్పత్రిలో స్మగ్లింగ్ పెద్దల పేర్లన్నీ చెప్పించడం. మరణ వాంగ్మూలం చెల్లేది చావుకు కారణం, దానికి దారితీసిన పరిస్థితుల వరకే. ముఠా చరిత్ర మొత్తం దాని కింద సాక్ష్యం కాదు. అది ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 26వ సెక్షన్, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 32. కోర్టు సీను రాసే సరదా ఉంటే ఈ తేడా వాడుకుని డిఫెన్స్ లాయరు చేత ఆ వాంగ్మూలాన్ని కొట్టేయించండి, మంచి సీను వస్తుంది.

చావకుండా త్యాగం చేయించాలనుకుంటే అప్రూవర్‌ను చేయండి, అంటే తోటి నిందితుల మీద సాక్ష్యం చెప్పే నిందితుడిని. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 343వ సెక్షన్ కింద క్షమాభిక్ష దొరకాలంటే తన తప్పుతో సహా తెలిసినదంతా చెప్పాలి, ఒక్కటి దాచినా రక్షణ పోతుంది. మునిరత్నం లాంటివాడికి అది లోయకన్నా లోతు: కుమార్ ముందు నిలబడి అన్నను వదిలేసింది నేనే అనాలి. ఇలా రాస్తే డోరు బదులు సాక్షి బోను. దానికి వేరే 8 ఎపిసోడ్లు కావాలి, రెండూ కలిపి కిచిడీ చేయకండి.

రెండో సీజన్‌లో బతికొచ్చాడని తీసుకురావడం గురించి చెప్పక్కర్లేదు.

ఎనిమిదో ఎపిసోడ్

ఎవరూ పొగడకూడదు. పోలీసులకు వాడొక చనిపోయిన నిందితుడు, పేపరుకు రెండు లైన్ల వార్త. బతికిన 12 మంది మీద కేసు నడుస్తుంది, వాళ్లు జైలుకు పోతారు. వాడి త్యాగం వాళ్ల ప్రాణాలు కాపాడింది, కేసును కాదు. మునెమ్మకైతే మొగుడు మళ్లీ ఒకసారి చెప్పకుండా పోయాడు, అంతే. ఈసారీ పారిపోబోయి లోయలో పడ్డాడని ఊరు అనుకుంటుంది. ఆమె కూడా అదే అనుకుంటుంది. కనీసం 20 పేజీలు ఆమెను అలాగే అనుకోనివ్వండి.

మునిరత్నం కుమార్‌కు నిజం చెప్పకుండా పోయిందీ ఇందుకే. చెప్పి ఉంటే కుమార్ క్షమించాలా వద్దా అనే సీను రాయాల్సి వచ్చేది, కథ వాడి చుట్టూ తిరిగేది. ఇప్పుడు కుమార్‌కు శెల్వం సంగతి తెలియదు, మునెమ్మకు ఘాట్ సంగతి తెలియదు. చూసేవాడికి రెండూ తెలుసు.

బెయిలు మీద బయటికొచ్చాక కుమార్ ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు, మునిరత్నం కొనిచ్చిన చెప్పులతో. లోపలికి రాడు, గడప బయటే నిలబడతాడు. మునెమ్మ మంచినీళ్లు ఇస్తుంది. వాడి తెలుగు తమిళం కలిసినదే:

"అక్కా, మేమంతా కిందికి దిగినాం. అన్నను బయటికి తీద్దామని శానా సేపు చూసినాం. డోరు తెరిచేదానికి కాలేదు. గట్టిగా ఏసి ఉండాది."

మునెమ్మ చెంబు అందుకోబోయిన చెయ్యి ఆగుతుంది.

"ఏసి ఉండిందా?"

"ఆ, అక్కా. పూర్తిగా."

ఇక్కడ సంగీతం వద్దు. కుమార్‌కు తాను ఏం చెప్పాడో తెలియదు, ఆమె ఎందుకు మళ్లీ అడిగిందో తెలియదు. నటికి కన్నీళ్లు పెట్టమని చెప్పకండి. చెంబు తీసుకుని లోపలికి పోయి, తిరిగి వచ్చి, "కూర్చో నాయనా, అన్నం తిని పోదువు" అంటే చాలు.